ముట్టుకోవద్దన్న మందు

మా కోడలు దాలమ్మకీ నాకూ అది కాపరానికొచ్చిన తొలి నెల నుంచే పడదు. తప్పు దానిదే అని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. దానికి రెండుసార్లు కడుపొచ్చి, నిలవకుండా పోయింది. రెండుసార్లూ నేను సంతోషం పట్టలేక ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్లంతా తిరిగి చెప్పానట, నా నోటి వల్లే పోయిందట. మూడో నెల నిండేదాకా ఆ మాట బయటపెట్టకూడదని మా శ్రీకాకుళం వాళ్ల పట్టింపు. నేను ఆగలేకపోయిన మాట నిజమే. కానీ చంపేంత శక్తే నా నోటికి ఉంటే మా పక్కింటివాళ్లు ఇన్నాళ్లు బతికుండేవారు కాదు.

కిందటేడు నాకు రక్తంలో క్యాన్సరని తేలింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ గుళికలు రాసింది. రోజూ రాత్రి భోజనం అయిన గంటకి ఒకటి, గ్లాసుడు నీళ్లతో మింగాలి. నమలకూడదు, విప్పకూడదు. కడుపుతో ఉన్న ఆడది దాన్ని చేత్తో కూడా తాకకూడదు, ఆ మందు పడితే బిడ్డ కాళ్లూ చేతులూ లేకుండా పుడుతుందని బెంగాలీలో రెండుసార్లు చెప్పింది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నదాన్ని, ప్రతి ముక్కా అర్థమైంది. నా కొడుకు సోములు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. విన్నది నేనొక్కదాన్నే.

మందు పెట్టె మీద కడుపుతో ఉన్న మనిషి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పిల్లల కోసం ఎదురుచూసే ఇంట్లో అలాంటి బొమ్మ ఉంచుకుంటామా? పెట్టె చింపి కాలవలో పారేశాను. గుళికలన్నీ బిస్కెట్ల డబ్బాలో పోసి అలమరలో పెట్టుకున్నాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

ఈ వానల్లో ఒకరోజు నేను ఎండు నెత్తళ్లు వేపుతుంటే దాలమ్మ ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది. నెల తప్పిందని నాకు అర్థమైంది. అది చెప్పలేదు. నేను అడగలేదు, అడిగితే మళ్లీ నా నోరే అంటుంది. నిజం చెప్పాలంటే నాకూ భయమే. అందుకని నోరు మూసుకుని డబ్బాని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఎందుకని అడిగితే నా ఇష్టమన్నాను.

దొంగతనం అంటగడుతున్నానని దాలమ్మ ఏడ్చింది. సోములు నా మీదికి లేచాడు. ఆ వారమే నాకు గొంతు పూసి గుళిక దిగడం లేదు, రెండుసార్లు కక్కాను. ఇక నుంచి దాలమ్మే గుళిక విప్పి గంజిలో కలిపి ఇస్తుందని చెప్పి, నా కొంగు ముడి విప్పి తాళంచెవి పెళ్లాం చేతిలో పెట్టి డ్యూటీకి పోయాడు. కడుపు మాట ఎత్తలేక, ఆ మందు వేరేవాళ్లు ముట్టుకుంటే చేతులు కాలతాయని అబద్ధమాడాను. నవ్వాడు. కన్నకొడుకు! వాడి పుట్టుకనే తిట్టుకున్నాను.

ఆ రాత్రి నేను కుళాయి దగ్గర్నుంచి వచ్చేసరికి దాలమ్మ గంజి గిన్నె ముందు కూర్చుని గుళికని రెండు చేతుల గోళ్లతో మెలితిప్పుతోంది. చేతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. గుళిక విడిపోకుండా నేల మీద దొర్లింది.

"నువ్వు కడుపుతో ఉన్నావే," అన్నాను. "అది బిడ్డ కాళ్లూ సేతులూ తినేసే మందు."

దాలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "మల్లీ అన్నావు," అంది. "మల్లీ నీ నోటితోనే అన్నావు."

ముందు చేతులు కడుక్కోమని అరిచాను. సబ్బు అరిగేదాకా కడుక్కుంది. కడుక్కుంటూనే అసలు సంగతి చెప్పింది. గుళికలు తగ్గాయని రేపు నేను నింద వేస్తానేమోనని, పొద్దున డబ్బా మొత్తం అరచేతుల్లో పోసుకుని లెక్కపెట్టిందట. తాళం వేసి దాన్ని దొంగని చేసింది నేనే. బొమ్మ చింపి పారేసింది కూడా నేనే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాం. కాపరానికొచ్చి ఆరేళ్లైనా దాలమ్మకి బెంగాలీ అబ్బలేదు కాబట్టి నేను లేకుండా దానికి గతి లేదు. గుళికలు పగలలేదు, పొడి తగల్లేదు కాబట్టి చాలావరకు భయం లేదని డాక్టరమ్మ అంది. అయినా స్కానింగులు తీసి చూస్తూ ఉంటానంది. మింగలేకపోతే తనకొచ్చి చెప్పాలిగానీ ఎవరైనా విప్పుతారా అని నన్ను చెడామడా తిట్టింది. అన్నీ తెలుగులో చెప్పాను, తిట్లతో సహా.

"ఇంకోటడుగు," అంది దాలమ్మ. "మనిసి మాటకి కడుపు పోద్దా అని అడుగు."

నా మీద ఫిర్యాదు నేనే బెంగాలీలో చెప్పుకున్నాను. డాక్టరమ్మ దాలమ్మ వైపు తిరిగింది. మాట వల్ల ఏ కడుపూ పోదంది. ఆ రెండుసార్లు జరిగినదానికీ ఎవరి మాటలూ కారణం కాదంది. అదీ తెలుగులో చెప్పాను.

"నీ నోటితో సెప్తే నానెలగ నమ్మేది?" అంది దాలమ్మ.

ఒళ్లు మండిపోయింది నాకు. అక్కడే జుట్టు పట్టుకుని వంచుదామనిపించింది.

"నమ్మకు," అన్నాను. "ఆ మందు మాత్రం ముట్టుకోకు."