ఎవరి దారి వాళ్ళదేనా?

గున్నమ్మ చేతిలోని గుడ్డమూటను కాపలావాడు లాక్కుని బురదలోకి విసిరేయడం మేమందరం చూశాం. చూసి, తట్టలెత్తుకుని పనిలోకి వెళ్ళిపోయాం. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

1958. భిలాయిలో ఉక్కు కొలిమికి పునాదులు పోస్తున్న రోజులు. శ్రీకాకుళంలో రైలెక్కించి తెచ్చిన కూలీలం మేం. కాంట్రాక్టరు మమ్మల్ని రేకుల కంచె లోపల పెట్టాడు. మేస్త్రీ గణపతిరావు చీటీ ఇస్తేనే గేటు దాటాలి. గున్నమ్మ చెల్లెలు సింహాచలమ్మ, దగ్గర్లోని కుమ్హారి అనే ఊళ్ళో ఇటుకబట్టీలో పురిటిజ్వరంతో పడి ఉందని కబురొచ్చింది. మేస్త్రీ చీటీ ఇవ్వలేదు. అయినా ఆ పొద్దున మూటతో గేటు దాటబోయిన గున్నమ్మను కాపలావాడు అలా ఆపేశాడు.

మధ్యాహ్నం కాంక్రీటు మోస్తూ గున్నమ్మ గొంతెత్తింది.

"నా దారి నాదేనే నాగావళీ!
నన్నాపే వాడెవడే నాగావళీ!"

ఊళ్ళో నాట్లప్పుడు పాడుకునే పాట. నలభై మంది ఆడవాళ్ళం అందుకున్నాం.

మేస్త్రీ కర్రతో రేకు మీద బాదాడు. "గానా బంద్! పాడినోలికి రేపట్నించి పని నేదు!"

గున్నమ్మ కోసం అందరం పని ఆపాలా వద్దా అని సాయంత్రం కుళాయి దగ్గర వాదన మొదలైంది.

"పాటలో 'నా దారి' అనే కదేటి ఉన్నాది?" అన్నాడు రాళ్ళు కొట్టే అప్పలసూరి. "ఎవుల దారి ఆలది. గున్నమ్మ ఒక్కర్తికీ సెలవడుగుదుం. అందరం మునిగిపోడం ఎందుకు?"

ముసలి తులసమ్మ బిందె దించింది. "ఒరే, మడిలో అందరం 'నా దారి' అనే పాడీవోలం. ఒక్కర్తి పాడితే కామందు నోరు మూయించీవోడు. అందరం పాడితే గట్టు దిగీవోడు కాడు. నా పక్కదాని కాలికి సంకెలుంటే నాను మాత్రం ఎంత దూరం ఎల్తాన్రా?"

అప్పలసూరి జవాబు చెప్పేలోగా మేస్త్రీ వచ్చాడు.

"గున్నమ్మా, ఇదిగో చీటీ. ఇప్పుడే ఎల్లు. పాటతో గొడవ లేపింది తులసమ్మేనని ఈ కాయితం మీద ఏలిముద్దర ఎయ్యి. దాన్ని ఊరికి తోలీస్తాం."

గున్నమ్మ చీటీ అందుకుంది. వద్దని ఎలా అంటాం? తోబుట్టువు చావుబతుకుల్లో ఉంది.

"నా సెల్లి బతుకుతాదో నేదో తెల్దు బావూ," అని చీటీ తిరిగిచ్చేసింది. "తులసప్పని అమ్మీసి ఎల్తే దాని మొకం సూడనేను."

మర్నాడు తట్టలు దించేసి గేటు ముందు కూర్చున్నాం. పునాదిలో పోసిన కాంక్రీటు సగంలోనే గట్టిపడుతోంది. ఇంజనీర్లు కేకలేశారు. పోలీసు జీపు లోపలికి వచ్చి గున్నమ్మను ఎక్కించుకుంది. అది బయటికి పోవాలంటే గేటు బార్లా తెరవక తప్పలేదు. అందరం దాని వెనకే బయటికి నడిచాం. కాపలావాడి కర్ర ఎంతమందిని ఆపుతుంది?

"సింహాచలం!" అంటూ గున్నమ్మ జీపులోంచి ఏడ్చింది.

అప్పలసూరి తలగుడ్డ బిగించాడు. "దాని కాడికి నానెల్తన్నానే గున్నమ్మా! నువ్వు దయిర్యంగుండు!"

సగం మంది అతనితో కుమ్హారి దారి పట్టారు. మిగిలినవాళ్ళం ఠాణా మెట్ల మీద కూర్చున్నాం. దరోగా లాఠీ ఊపుతూ హటో, హటో, లేచి పొండని అరిచాడు.

"గున్నమ్మనొగ్గు. ఎల్తాం," అంది తులసమ్మ, వెనక వస్తున్నవాళ్ళకు చోటిస్తూ మెట్టు మీద ఇంకాస్త పక్కకు జరిగి.