బంతికి ముందు ఆదితాళం

హరిచరణ్‌కి బేస్‌బాల్ అంటే ఏమిటో మూడేళ్ళ క్రితం వరకూ తెలియదు. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం పాఠాలు చెప్పుకుంటూ, ఖాళీ దొరికితే స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూచుని బల్ల మీద వేళ్ళతో మృదంగం వాయించుకునే మనిషి. ఆ చప్పుడు భరించలేకే పీఈటీ త్రినాథ్ అతన్ని గ్రౌండుకి లాక్కుపోయాడని తోటి మాస్టార్లు అంటారు. అందులో కొంత నిజమే.

"ఊరికే కూకొని బల్ల బాదతారెందుకు మాస్టారూ? రండి, అవతల టీము పిచర్ని సూసి రాసిపెట్టండి. ఏ బంతి తరవాత ఏ బంతి ఏస్తాదో మాకు తెలియాల," అన్నాడు త్రినాథ్.

పిచర్ అంటే బంతి విసిరే పిల్ల. ప్రతి పిల్లకీ ఏదో ఒక అలవాటు ఉంటుంది. ఒకర్తి జోరు బంతికి ముందు టోపీ సర్దుకుంటుంది. ఇంకొకర్తి రెండు జోరు బంతులయ్యాక మెల్లటిది వేసి తీరుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ లయతోనే బతికినవాడికి అది పట్టుకోవడం ఒక లెక్కా? జోరు బంతికి 'త' అనీ, మెల్లటి బంతికి 'ధీం' అనీ నోటుబుక్కులో రాసేవాడు. ఆ రాత ఇంకెవరికీ అర్థం కాదు కనక టీములోని ఆడపిల్లలంతా చుట్టూ మూగి, "మాస్టారూ, ఇప్పుడేటి ఏస్తాది?" అని అడిగేవారు. నిజం చెప్పాలంటే ఆ అడిగించుకోవడం కోసమే అతను వెళ్ళేవాడు. ఇంటికి పోతే అతన్ని ఏదైనా అడిగే ప్రాణి లేదు. గ్లాసుడు బియ్యం వండుకుని సగం తిని, మిగతా సగంలో నీళ్ళు పోసి పొద్దుటికి ఉంచుకునేవాడు.

ఇల్లు అలా కావడానికి ఇంకొకరిని అనాల్సిన పని లేదు. కూతురు మహతికి చిన్నప్పుడు తాళం తనే నేర్పాడు. తొడ మీద ఒక దెబ్బ, తరవాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఏ వేలి దగ్గర లెక్క తప్పితే ఆ వేలి మీద స్కేలు పడేది. అతని తండ్రి అతనికి అలాగే నేర్పాడు, తాత తండ్రికీ అంతే. కొట్టకుండా కూడా నేర్పొచ్చని గానీ, బాగా వేసినప్పుడు బాగుందని ఒక మాట అనొచ్చని గానీ ఈ మహానుభావుడికి తోచలేదు. పిల్లకి పన్నెండో ఏట ఒకరోజు వేలు వాచిపోయింది. మర్నాడు పొద్దున్నే భార్య అనూరాధ పిల్లని తీసుకుని నరసన్నపేటలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే మహతి "బాగున్నాను" అని తల్లికి ఇచ్చేసేది. కొన్నాళ్ళకి అదీ పోయింది. ఇదంతా జరిగి నాలుగేళ్ళు.

ఆ డిసెంబరులో రాజాంలో మ్యాచ్ పెట్టారు. అవతలి టీము నరసన్నపేట పిల్లలు. హరిచరణ్ బెంచీ చివర కూచుని పెన్సిలు చెక్కుకుంటుంటే వాళ్ళ పిచర్ మైదానం మధ్యకి నడిచి వచ్చింది. టోపీ ముఖానికి అడ్డంగా ఉన్నా ఆ నడక అతనికి తెలుసు. మహతి.

అంత పొడుగు ఎప్పుడు ఎదిగింది?

మహతి బంతిని ఎడమచేతి గ్లవ్‌లో ఉంచి, కుడిచేత్తో తొడ మీద మెల్లగా తట్టింది. చిటికెన, ఉంగరం, మధ్య. బంతి తీసి విసిరింది. జోరు బంతి. రెండోసారీ అంతే. మూడోసారి నాలుగు దగ్గర ఆగలేదు. ఒక దెబ్బ వేసి అరచెయ్యి తిప్పింది, మళ్ళీ దెబ్బ వేసి మళ్ళీ తిప్పింది. ఎనిమిదీ నిండాక వేసిన బంతి మెల్లగా వచ్చింది, బ్యాటు ముందే తిరిగిపోయింది. చూసినవాళ్ళు చెమట తుడుచుకుంటోందనుకుంటారు. అది ఆదితాళం. సగం తాళానికి జోరు, నిండు తాళానికి మెల్లన.

హరిచరణ్ పెన్సిలు పక్కన పెట్టేశాడు. తను నేర్పినదంతా ఆ స్కేలుతో పాటు తన దగ్గరే పారేసి పోయిందనుకున్నాడు. పారెయ్యలేదు, దాచుకుంది.

"ఏటి మాస్టారూ, ఏటైనా దొరికినాదా?" అన్నాడు త్రినాథ్.

"లేదండీ. పద్ధతేమీ కనపడటం లేదు."

ఈ మూడేళ్ళలో అది మొదటి అబద్ధం. రేపట్నించి తనని పిలవకపోయినా సరే, చెప్పకూడదు. ఆట అయ్యాక కూతురి దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్క మాట అంటాడు: తాళం బాగుందమ్మా. ఆ మాట పొల్లుపోకుండా లోపల నాలుగుసార్లు అనుకున్నాడు. నోటుబుక్కులో పేజీ ఖాళీగా ఉంది.

నోరు కట్టేసుకున్నాడు సరే, చెయ్యి ఊరుకోవద్దూ? ఎదురుగా ఎవరైనా తాళం వేస్తుంటే కలిసి వెయ్యకుండా ఉండటం ఆ వంశంలో ఎవరికీ చాతకాలేదు. మహతి చాటుగా వేస్తున్న తాళాన్ని ఇతను తన తొడ మీద కచేరీలో ముందు వరసలో కూచున్నట్టు బాహాటంగా వేస్తున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. పక్కన నిలబడ్డ త్రినాథ్‌కి అయిదో ఇన్నింగ్స్‌కల్లా తెలిసిపోయింది. మాస్టారి అరచెయ్యి తిరిగిందంటే మెల్లటి బంతి వస్తోంది.

"ఆగే భారతీ! ఆగి కొట్టు!" అని కేకేశాడు.

బ్యాటు పట్టుకున్న భారతి ఆగి కొట్టింది. బంతి ప్రహరీ గోడకి తగిలింది. ఆ తరవాతి పిల్లా అలాగే కొట్టింది. రెండు పరుగులొచ్చాయి. త్రినాథ్‌కి ఎవరు చెప్పారా అని హరిచరణ్ అటూ ఇటూ చూస్తున్నాడు. అప్పుడు మహతి మొదటిసారి ఈ బెంచీ వైపు తిరిగింది. అతని ముఖం చూడలేదు. తొడ వైపు చూసింది. అతనూ చూసుకున్నాడు. తన కుడిచెయ్యి అరచెయ్యి పైకి తిరిగి ఉంది.

చటుక్కున ముడుచుకున్నాడు. ఏం లాభం?

మహతి బంతిని కుడిచేత్తోనే గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి ఇక తొడ మీదికి రాలేదు. జోరుగా ఒకటి, మెల్లగా ఒకటి, మళ్ళీ మెల్లగా. హరిచరణ్ ఆమె పాదం చూశాడు, భుజం చూశాడు, ఊపిరి చూశాడు. ఎక్కడా తాళం లేదు.

"మార్సీసింది మాస్టారూ! ఇప్పుడేటి ఏస్తాదో సెప్పండి," అని త్రినాథ్ తొందరపెట్టాడు.

"తెలీదండీ," అన్నాడు. ఈసారి అది నిజం.

నరసన్నపేట ఒక్క పరుగు తేడాతో గెలిచింది. వాళ్ళ వ్యాను కదలబోతుంటే హరిచరణ్ పరుగులాంటి నడకతో వెళ్ళాడు. మహతి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. లోపల సిద్ధం చేసుకున్న మాట ఎటు పోయిందో, నోటికి వేరేది వచ్చింది.

"అమ్మా, నేను చెప్పలేదు."

"తెలుసు నాన్నా. మీ చెయ్యి చెప్పింది." ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది. "ఆ లెక్క మానమని మా సార్ ఎప్పట్నించో అంటున్నారు. మానలేకపోయాను. ఇవాళ్టితో పోయింది."

తేలికపడ్డట్టు చిన్నగా నవ్వి లోపలికి ఎక్కేసింది. వ్యాను మలుపు తిరిగాక హరిచరణ్‌కి తను అనాలనుకున్న మాట గుర్తొచ్చింది.

తిరుగు బస్సులో పిల్లలెవరూ అతన్ని ఏమీ అడగలేదు. డ్రైవరు ఏదో పాట పెట్టాడు, దాని దరువు బస్సంతా అదురుతోంది. హరిచరణ్ విజయనగరం వచ్చేదాకా కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టుకుని కూచున్నాడు.