నలభై ఏడో పేజీ

నేను ఒక మినిట్స్ పుస్తకాన్ని. మునిసిపాలిటీ పార్కుల కమిటీ వాళ్లు నెలకోసారి కూర్చుని ఏం మాట్లాడుకున్నారో, ఏం తీర్మానించారో రాసుకునే పుస్తకాన్ని. ఊరి పేరు మాత్రం అడక్కండి. నా పరువు ఎలాగూ పోయింది, ఊరి పరువు కూడా నేనే తీయడమెందుకు?

నన్ను కుట్టింది మస్తాన్ సాయిబు. బస్టాండు వెనక చిన్న బైండింగు షాపు ఆయనది. మైదాపిండిలో మైలుతుత్తం కలిపి జిగురు కాచేవాడు, పురుగు ముట్టకూడదని. దారానికి మైనం పట్టించి చేత్తో కుట్టేవాడు. ఎర్ర గుడ్డ అట్ట వేసి, వీపు మీద రెండు దెబ్బలు చరిచి, "తెరిచి వదిలేస్తే దానంతటదే మూసుకోవాలి, అదీ బైండింగంటే" అని కొనడానికొచ్చిన గుమాస్తాతో గొప్పలు పోయాడు. ఆ మాట విని నేనూ పొంగిపోయాను. ఆ బిగువే తర్వాత నా కొంప ముంచింది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నాకు రెండొందల పేజీలు. ప్రతి పేజీకీ నంబరు కొట్టారు. మొదటి పేజీలో, ఇందులో రెండొందల పేజీలు మాత్రమే ఉన్నవని కమిషనరు గారు రాసి, సంతకం చేసి, సీలు వేశారు. అంటే ఒక్క కాగితం చింపడానికి వీల్లేదు. అప్పుడు దాన్ని గౌరవం అనుకున్నాను. ఒంటి మీదున్న మచ్చని చింపి పారేసే దారి లేకుండా చేసింది కూడా ఆ సీలే అని తర్వాత గాని బుర్రకెక్కలేదు.

నన్ను చూసుకునేది లింగమూర్తి గారు. సీనియర్ అసిస్టెంటు. ముత్యాల్లాంటి దస్తూరి. కొట్టివేత ఉండదు, దిద్దుబాటు ఉండదు. ఆయన కలం నా మీద నడుస్తుంటే హాయిగా ఉండేది. ఇంకు పాకని కాగితం నాది, వంకరపోని చెయ్యి ఆయనది. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఇక కమిటీ సంగతి. ఉయ్యాలకి గొలుసు తెగింది, వేయించాలి. గడ్డి పెరిగింది, కోయించాలి. ఇవే తీర్మానాలు, నెల నెలా. గొలుసు వేయించారా అని మాత్రం ఎవరూ అడగరు, వచ్చే నెల మళ్లీ తీర్మానిస్తారు. అధ్యక్షుడు సత్తిరాజు గారు, ఓ వార్డు కౌన్సిలరు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. మాట మాత్రం తేనె.

ఆ కమిటీలో ఓ పద్ధతుంది. సమావేశం సగంలో ఉండగానే హోటల్నించి పెసరట్టు ఉప్మా వస్తుంది. అది తిన్నాక ఒక్కరు కూడా కుర్చీలో నిలవరు. అందుకని లింగమూర్తి గారు పొట్లాలు విప్పకముందే నన్ను తిప్పి అందరి సంతకాలూ తీసేసుకునేవారు. పైన ఖాళీ వదిలి, కింద సంతకాలు. తీర్మానం మర్నాడు తీరిగ్గా రాసుకునేవారు. ఎంత ఖాళీ వదలాలో ఆయనకి కంటి కొలత. ఇది మోసం అని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, నిజం చెప్పాలిగా. ఉయ్యాల గొలుసుకి అంత పట్టింపేమిటి అనుకునేదాన్ని.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి కమిటీలోనూ పాతికేళ్లలోపు సభ్యులొకరు ఉండాలట. యువ నాయకత్వం పెంపొందించాలట. కొత్త ఆటపాటల సౌకర్యాల మీద వాళ్ల అభిప్రాయం తీసుకోవాలట. సత్తిరాజు గారు ఆలోచించి ఆలోచించి, పార్కు గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్న తాతారావు కూతుర్ని వేశారు. ఆ అమ్మాయి పేరు కుసుమ. తాడి కుసుమ. డిగ్రీ రెండో ఏడు. "మన తాతారావు కూతురే, నోట్లో నాలుక లేని పిల్ల" అని మిగతా సభ్యులకి చెప్పారు.

నోట్లో నాలుక ఉందని మొదటి సమావేశంలోనే తెలిసింది. యువతే ఈ దేశానికి వెన్నెముక అని సత్తిరాజు గారు పావుగంట మాట్లాడి కూర్చున్నాక కుసుమ లేచింది. చేతిలో మడత పెట్టిన కాగితం. పార్కు ఉత్తరం మూల ఎర్రమట్టి నేలలో పన్నెండు మంది ఆడపిల్లలు నాలుగేళ్లుగా ఖోఖో ఆడుతున్నారని చెప్పింది. రెండు సరుగుడు గుంజలు వాళ్లే తెచ్చి, వాళ్లే పాతుకున్నారు. ఇరవై ఏడు మీటర్ల పొడుగు, పదహారు మీటర్ల వెడల్పు, ఆ జాగా ఖోఖో కోర్టని కమిటీ రాసిస్తే చాలు. పక్కన బట్టలు మార్చుకోవడానికి ఓ చిన్న గది.

గది ఎందుకమ్మా అని ఎవరో అడిగారు. కుసుమ చేతిలో కాగితం మడిచింది.

"నిక్కర్లతో రోడ్డు మీద నడిచెళ్తుంటే మాటలంటున్నారండి. ఆ మాటలు పడలేక ముగ్గురు మానేశారు. రెండు నెలల్లో జిల్లా సెలక్షన్లు. ఇంకో ముగ్గురు మానేస్తే మాకు జట్టే ఉండదు."

 అందరూ తలలూపారు. తప్పకుండా, తప్పకుండా అన్నారు సత్తిరాజు గారు. నాకైతే ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకి నా మీద ఒక పనికొచ్చే మాట పడబోతోంది అనుకున్నాను. ఈలోగా పెసరట్ల వాసన వచ్చింది. లింగమూర్తి గారు నన్ను తిప్పారు. నలభై ఏడో పేజీ. అందరూ పెట్టేశారు. చివర్న కుసుమ దగ్గర ఆగాను.

"పైన ఏమీ లేదేంటండి?" అంది.

"ఇది ఇక్కడి పద్ధతమ్మా. నువ్వు చెప్పిందే రాస్తాను" అన్నారు లింగమూర్తి గారు.

అబద్ధం కాదది. నిజంగానే రాద్దామనుకున్నారు. ఆ అమ్మాయి చెప్పిన కొలతలు కూడా చిత్తుకాగితం మీద ఎక్కించుకున్నారు. కుసుమ గుండ్రటి అక్షరాలతో పేరంతా రాసి, కింద తేదీ వేసింది. నా మీద అంత శ్రద్ధగా ఎవరూ సంతకం పెట్టలేదు. ఆ నమ్మకం తల్చుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

మర్నాడు పొద్దున్న లింగమూర్తి గారు కలం తీశారో లేదో సత్తిరాజు గారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఉత్తరం మూల మెయిన్ రోడ్డు వైపుంటుంది కదా, అక్కడ పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ పనికొచ్చేలా ఓ వేడుకల వేదిక కడితే బాగుంటుందన్నారు. దాన్ని నడపడానికి ఆయన బావమరిది సిద్ధంగా ఉన్నాడు. అదే తీర్మానంగా రాయమన్నారు. పైగా ఆ పిల్లే అడిగిందని రాస్తే రేపు ఎవరూ నోరెత్తరన్నారు.

"ఆ అమ్మాయి ఖోఖో కోర్టు అడిగిందండి" అన్నారు లింగమూర్తి గారు.

"సంతకం ఉందా?"

"ఉందండి."

"ఇంకేం మరి" అని ఆయన లేచి వెళ్లిపోయారు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. లింగమూర్తి గారికి రిటైరుమెంటు అయిదు నెలల్లో ఉంది.  కలానికి మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. ఆఖరికి రాశారు. యువ సభ్యురాలు కుమారి తాడి కుసుమ ప్రతిపాదించగా, పార్కు ఉత్తరపు భాగంలో వేడుకల వేదిక నిర్మించుటకు సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఇలా సాగింది. ఖోఖో కోర్టుకి ఆరు వరసలు చాలని ఖాళీ వదిలారు, ఇదేమో పదికి పెరిగింది. చివరి వరసలు చీమల్లా ఇరుక్కున్నాయి. జీవితంలో మొదటిసారి ఆయన దస్తూరి చెడింది.

నేనేం చేశాను? మోశాను. ఒక్క అక్షరమైనా పాకనిచ్చి అలికేసి ఉంటే మళ్లీ రాయాల్సొచ్చేది, మధ్యలో ఎవరి మనసైనా మారేదేమో. ఛీ, నా మంచి కాగితం, నా నాణ్యత! ప్రతి అక్షరాన్నీ నిండుగా నిలబెట్టాను.

పది రోజుల్లో గుంజలు పీకేశారు. ఆడపిల్లలందరూ ఆఫీసుకొచ్చారు. ముందు ఝాన్సీ నడిచింది, జట్టు కెప్టెను, కుసుమకి చిన్నప్పట్నించీ స్నేహితురాలు. పక్కనే కుసుమ. అందరికంటే గట్టిగా అడిగింది కూడా తనే, మాకిచ్చిన మాటేమైందని. సత్తిరాజు గారు నవ్వుతూ నన్ను తెప్పించారు. అటెండరు నూకాలమ్మ నన్ను బల్ల మీద పెట్టింది. ఆయనే నలభై ఏడో పేజీ తీసి, నేను మూసుకోకుండా చేత్తో అదిమిపట్టి, ఝాన్సీ వైపు తిప్పారు. ఆమె పైకి చదవడం మొదలుపెట్టి, కుసుమ పేరు దగ్గర ఆగిపోయింది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే. నేను పెట్టినప్పుడు పైన ఏమీ లేదే, ఒట్టు" అంది కుసుమ.

"చదువుకున్న పిల్లవి, ఖాళీ కాగితం మీద సంతకం పెడతావా తల్లీ?" అన్నారు సత్తిరాజు గారు, ఎంతో జాలిగా.

ఝాన్సీ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మిగతా వాళ్లూ ఒక్కొక్కరే వెళ్లారు. కుసుమ నా ముందు నిలబడి ఆ పది వరసలూ మళ్లీ మళ్లీ చదువుకుంది. తర్వాత లింగమూర్తి గారి వైపు చూసింది. ఆయన సొరుగులో తల దూర్చి స్టాంపు ప్యాడు వెతుక్కుంటున్నారు. ప్యాడు బల్ల మీదే ఉంది.

నేల నోరు తెరిచి మింగేస్తే బాగుండనిపించింది. మనుషులైతే సిగ్గేస్తే మొహం దాచుకుంటారు. నన్ను తెరిచి పట్టుకున్నారు, ఎక్కడ దాచుకోను?

ఆ తర్వాతి సమావేశానికి కుసుమ వచ్చింది. ముందు రాయండి, చదివి పెడతాను అంది. పెసరట్లు చల్లారిపోయాయని సభ్యులు విసుక్కున్నారు. పై నెలకి ఆమె పేరు తీసేసి, సత్తిరాజు గారి మేనల్లుణ్ని యువ సభ్యుడిగా వేశారు. ఆ నాయకుడు కుర్చీలో కూర్చోకుండానే సంతకం పెట్టి, పొట్లం పట్టుకుని వెళ్లేవాడు. ఉత్తరం మూల సిమెంటు పోశారు. సెలక్షన్లకి జట్టు వెళ్లలేదు. కుసుమ పదవి కోసం గ్రౌండు ఒదిలేసుకుందని పిల్లలు అనుకుంటున్నారట. నూకాలమ్మ ఎవరితోనో చెప్తుంటే విన్నాను.

లింగమూర్తి గారు రిటైరయ్యే రోజు వచ్చింది. సాయంత్రం శాలువా, దండ. మధ్యాహ్నం నూకాలమ్మని టీకి పంపి, నా నలభై ఏడో పేజీ తీశారు. ఎడం చేత్తో అదిమి, కుట్టు పక్కన లోపలి మార్జిన్లో, సన్నటి అక్షరాలతో నిలువుగా రాశారు. ఈ తీర్మానం సభలో జరగలేదు. కుసుమ అడిగింది ఖోఖో కోర్టు, గది. సంతకాలు ముందే తీసుకున్నాను. తప్పు నాది. కింద సంతకం, తేదీ. రాసి చెయ్యి తియ్యగానే నేను మూసుకున్నాను, నా అలవాటు చొప్పున. బయటి మార్జిన్ అంత వెడల్పుగా ఉంటే, వెతికినా కనపడని మడతలో రాశారేం? ఆయనకి ఆ మాత్రమే ధైర్యం ఉంది. దండ వేయించుకుని వెళ్లిపోయారు. ఎవరికీ చెప్పలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడిగితే కడిగారు గాని, ఎవరూ చూడనిచోట కడిగారు.

ఆ తర్వాత కొత్త పుస్తకం మొదలుపెట్టి, నన్ను నిండకుండానే రికార్డు గదిలో పడేశారు. ఒకరోజు కొత్త గుమాస్తా వచ్చి నన్ను దులిపి జిరాక్సు మిషను మీద బోర్లా పడుకోబెట్టాడు. సమాచార హక్కు కింద నలభై ఏడో పేజీ కాపీ అడిగారట. అడిగింది తాడి కుసుమట.  గుమాస్తా రెండు చేతులతో నొక్కాడు. నా బైండింగు లొంగలేదు. కుట్టు పక్కన పేజీ పైకి లేచిపోయి, ఆ మేరంతా కాపీలో నల్ల పట్టీలా పడింది. తీర్మానం మాత్రం ముత్యంలా వచ్చింది. మస్తాన్ సాయిబు పనితనానికి నేను పొంగిపోయానన్నాను చూడండి, ఆ పొగరుకి ఇదీ ఫలితం. నిజం నా ఒంట్లోనే ఉంది, నేనే దాన్ని బయటికి రానివ్వలేదు.

పదిహేను రోజుల తర్వాత రికార్డు గది తలుపు తెరుచుకుంది. ముందు నూకాలమ్మ, వెనక కుసుమ, ఆ వెనక ఝాన్సీ. నల్ల పట్టీ అంచున రెండు మూడు అక్షరాల తోకలు కుసుమ కంటబడ్డాయట. ఆ కాగితం తీసుకుని ఝాన్సీ ఇంటికెళ్లిందట. ఝాన్సీ లోపలికి రమ్మనలేదు గాని, గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూసి, పుస్తకమే చూద్దాం పద అందట. ఇవన్నీ వాళ్ల మాటల్లోనే తెలిశాయి.

కుసుమ నన్ను నేల మీద పెట్టి నలభై ఏడో పేజీ తీసింది. నేను మూసుకున్నాను. మళ్లీ తీసింది. మళ్లీ మూసుకున్నాను. అప్పుడు మోకాళ్ల మీద వంగి, రెండు అరచేతులూ పెట్టి, బరువంతా మోపి నొక్కింది. దారాలు తెగాయి. నా వీపు పెళుక్కున విరిగింది. అబద్ధం చెప్పను, చాలా నొప్పి వేసింది. ఇంతకాలం బిగబట్టి దాచినందుకు ఆ మాత్రం పడాల్సిందే అనుకున్నాను.

ఝాన్సీ వంగి చదివింది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. చదివాక అలాగే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఏడాదిన్నర నీతో మాట్లాడలేదే నేను."

"మరి ఇప్పుడు మాట్లాడు" అంది కుసుమ.

ఝాన్సీ ఏడ్చింది. సర్కారు పుస్తకం విరగ్గొట్టారు, నా పీకల మీదికి తెచ్చారు అని నూకాలమ్మ గొణుగుతూనే వాళ్లకి మంచినీళ్లు తెచ్చింది.

ఉత్తరం మూలన ఇప్పటికీ సిమెంటే ఉంది. ఆ పిల్లలు మళ్లీ ఎక్కడైనా ఆడారో లేదో నాకు తెలియదు. నూకాలమ్మ నన్ను పురికొసతో కట్టి బీరువాలో పెట్టింది. కొస విప్పితే చాలు, ఎవరు తీసినా, ఏ పేజీ కావాలని తీసినా, ముందు నలభై ఏడో పేజీ దగ్గరే తెరుచుకుంటాను. సిగ్గే. అయినా తెరుచుకుంటాను.