మౌలాబీ కడుపుమంట

బరంపురం పెద్ద బజారు వెనక సందులో మౌలాబీని ఎరగని ఆడది లేదు. పట్టుచీర కొన్న ఆడవాళ్ళు దుకాణం మెట్లు దిగి నేరుగా ఆమె గుమ్మం ఎక్కేవారు. ఆమెది దూదేకుల ఇల్లు. తండ్రి టెక్కలి వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో పరుపులు కుట్టుకుని బతికాడు, కూతురు జాకెట్లకి దిగింది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, నమాజులో అరబీ. మూడూ ఒక్క నోట్లోనే ఇమిడిపోయాయి.

జాకెట్ల కన్నా ఆమెకి ఎక్కువ పేరు తెచ్చింది లక్ష్మివారం కూర్చోబెట్టడం. మధ్యాహ్నం అన్నాలయ్యాక సందులో ముస్లిం ఆడవాళ్ళంతా ఆమె ముందు గదిలో చాపల మీద చేరేవారు. మౌలాబీ ప్రవక్త మాటల్లోంచి ఒక హదీసు చెప్పేది. చెప్పి వదిలేది కాదు, దాన్ని వాళ్ళ వంటింట్లోకి తీసుకెళ్ళి మరీ కూర్చోబెట్టేది.

"పులుసు కాసినప్పుడు నీళ్ళు కాసిన్ని ఎక్కువ పొయ్యండి, పక్కింటోళ్ళకీ పంపండి అన్నారు మా ప్రవక్త. అంటే ఏటి? మీ ఇంట్లో ఉడికిందాని వాసన పీల్చి పక్కింటి పిల్లలు లొట్టలేసుకుని ఊరుకోకూడదు. తెలిసిందా?"

హుక్కులు కుట్టడానికి వచ్చే ముత్యాలు హిందువే అయినా, ఆ వేళకి పని ఆపి గుమ్మంలో చతికిలబడి వినేది. ఆ సాయంత్రం సందులో గిన్నెలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగేవి. అది చూస్తే మౌలాబీకి కడుపు నిండిపోయేది.

అలాంటి మనిషి ఎదురింట్లోకి కొడల ఊరి నుంచి రమీజా అద్దెకి దిగింది. మొగుడు ఛత్రపూర్ కోర్టు దగ్గర జిరాక్సు కొట్టు పెట్టుకున్నాడు, పొద్దున్న రైలెక్కితే చీకటి పడ్డాకే రావడం. చంటిపిల్లని చంకనేసుకుని సామాను దింపుకుంటుంటే మౌలాబీయే వెళ్ళి చెయ్యేసింది. ఆ రోజు వాళ్ళకి అన్నం వండి పంపింది కూడా ఆమే.

రమీజా కూడా జాకెట్లే కుడుతుందని తెలిశాక ఆ అన్నం అరగడం మానేసింది.

రమీజా చేతిలో మగ్గం పని ఉంది. చట్రానికి గుడ్డ బిగించి, జరీతో నెమలి కన్నూ పూసలతో తామరమొగ్గా తేల్చేది. సెల్‌ఫోనులో బొమ్మ చూపిస్తే చాలు, అచ్చం అలాగే దింపేది. మౌలాబీ కత్తెరకి ఎదురు లేదు, ఆమె కుట్టిన జాకెట్టు చంక దగ్గర ముడత పడిందన్న మాట ఈ ఊళ్ళో పుట్టలేదు. కానీ ఇప్పటి పెళ్ళికూతుళ్ళకి ముడత కన్నా మెరుపు ముఖ్యం. ఒకరి తరవాత ఒకరు ఆమె గుమ్మం ముందు నుంచే నడిచి, ఎదురింటి అరుగెక్కసాగారు.

మౌలాబీ మిషను కిటికీ వైపు తిప్పుకుంది. వెలుతురు కోసమని అందరికీ చెప్పింది. నిజానికి ఎదురింటి ముందు ఎవరి చెప్పులు ఉన్నాయో చూడటానికి. జతల్ని బట్టి మనుషుల్ని పోల్చుకునేది. "ఇది గేటు బజారావిడది. నిన్నటిదాకా నా దగ్గరికే కదా వచ్చేది!" అని గొణుక్కునేది. కాళ్ళ కింద మిషను పరుగెత్తేది, కుట్టు వంకరపోయేది, విప్పి మళ్ళీ కుట్టేది.

అంతటితో ఆగితే ఓర్చుకునేదేమో. ఒక లక్ష్మివారం మౌలాబీ ఏదో హదీసు చెబుతూ మధ్యలో తడబడింది. రమీజా మెల్లిగా అందించింది. అరబీలో చదివి, తెలుగులో విప్పి చెప్పింది. గొంతు తేనెలా ఉంది. చాప మీద ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఈ పిల్ల బాగా సెబుతోంది కదే!" అంది ఒకావిడ.

మౌలాబీ నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఎంతసేపుంచాలో తెలియక అలాగే ఉంచేసింది.

పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడ్డాక ఆదిలక్ష్మి వచ్చింది. పెద్ద బజారులో పట్టుచీరల దుకాణం వాళ్ళది, తాతల నాటి నుంచి ఇక్కడే పాతుకున్న కోమటి కుటుంబం. మౌలాబీ మాటంటే ఆమెకి గురి. పక్కన కూతురు సాయిపద్మ, చేతిలో పెళ్ళి జాకెట్ల గుడ్డలు.

"మౌలాబీ, నీ దగ్గర దాపరికం ఏటి? పిల్ల మగ్గం వర్కు కావాలంటోంది. మీ ఎదురింటమ్మాయి బాగా సేస్తాదట. కానీ పెళ్ళి పని, ముక్కూ మొహం తెలీని మనిషికి ఎలా ఇస్తాం? నువ్వు ఎరిగినదానివి, నువ్వు సెప్పు."

మౌలాబీ కత్తెర కింద పెట్టింది. రమీజా పని ఎంత శుభ్రమో ఆమెకి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. 

"పని బాగానే ఉంటాదమ్మా," అంది. ఆ మాటతో ఆగొచ్చు. ఆగలేదు. "కానీ మాట మీద నిలబడదు. మొన్న ఒకావిడ జాకెట్టు పేరంటం రోజు దాకా ఇవ్వలేదట. పాపం, ఆవిడ ఏడుపొకటే తక్కువ."

జాకెట్టు ఆలస్యమైన మాట నిజమే. పిల్లకి జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంటే ఆలస్యమైంది. రమీజా ముందే కబురు పంపింది, ఆవిడ పరవాలేదంది. అదీ మౌలాబీకి తెలుసు.

ఆదిలక్ష్మి పెదవి విరిచింది. "మంచిపని సేసావు సెప్పి. పెళ్ళి ముందు అలాంటి తలనొప్పి మనకెందుకు? నువ్వే కుట్టు, వర్కు ఇంకెవరి సేతైనా వేయించు." సాయిపద్మ మొహం వాడిపోయింది. గుడ్డలు మాత్రం మౌలాబీ బల్ల మీదే ఉండిపోయాయి.

గెలిచింది కదా, తిన్న అన్నం ఒంటికి పట్టాలి. పట్టలేదు. ఆ గుడ్డల సంచీ చూసినప్పుడల్లా ఒళ్ళు వేడెక్కినట్టుండేది. కత్తెర పట్టుకునేది, పెట్టేసేది.

తరవాతి లక్ష్మివారం అందరూ చేరాక రమీజా నోరు విప్పింది.

"పిన్నీ, ఒకటి అడుగుతాను. సాయిపద్మ జాకెట్లు నాకు వత్తాయనుకున్నాను. బజారులో ఆదిలక్ష్మమ్మ గోరు కనపడి, 'నువ్వు మాట మీద నిలబడవటగా' అన్నారు. ఎవరు సెప్పారంటే సెప్పలేదు. నాకు కోపం అణగట్లేదు పిన్నీ. ఇలాంటప్పుడు ఏటి సెయ్యమన్నారు ప్రవక్త?"

"అన్నోల్ల నోరు పడిపోను!" అంది గుమ్మంలోంచి ముత్యాలు.

మౌలాబీ రమీజా కళ్ళలోకి చూసింది. అనుమానం ఏమీ లేదు అందులో. పెద్దమనిషిని అడుగుతున్నాననే నమ్మకమే ఉంది. అది భరించడం ఆమెకి మరీ కష్టమైంది.  ముంతెడు నీళ్ళు తాగి అప్పుడు మొదలెట్టింది.

"ఒకరు నిన్ను సలహా అడిగారంటే వాళ్ళు నీ సేతిలో అమానతు పెట్టినట్టే అన్నారు మా ప్రవక్త. దాచమని ఇచ్చిన సొమ్ము తినేస్తే ఎంత తప్పో, సలహాలో అబద్ధం కలిపితే అంత తప్పు. అసూయ గురించీ సెప్పారు. నిప్పు కట్టెల్ని తినేసినట్టు, అది మనం సేసిన మంచినంతా తినేస్తాదట." ఒక్కసారి రమీజా వైపు తిరిగింది. "నువ్వేం సెయ్యక్కర్లేదు రమీజా. సెయ్యాల్సింది ఆ మాట అన్న మనిషి. ఎక్కడ అన్నదో అక్కడికే ఎల్లి సరిదిద్దాల."

ఆ మాట అందరికీ చెప్పినట్టే చెప్పింది. ఆడవాళ్ళు తలలూపి, చాపలు చుట్టి వెళ్ళిపోయారు. మౌలాబీ సాయంత్రపు అసర్ నమాజుకి నిలబడింది. సజ్దాలో నుదురు నేలకి ఆనించాక లేవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున్నే గుడ్డల సంచీ పట్టుకుని ఆదిలక్ష్మి ఇంటికి వెళ్ళింది. ఆమె తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తోంది.

"ఏటి మౌలాబీ, ఇంత పొద్దున్నే?"

"నేను మీకు తప్పు సెప్పానమ్మా. ఆ జాకెట్టు ఆలస్యమైనప్పుడు రమీజా పిల్ల ఆసుపత్రిలో ఉంది. ఆవిడకి ముందే కబురు పెట్టింది కూడా. అంతా తెలిసే దాచాను. ఆ పిల్ల పని నాకన్నా బాగుంటాది, అది ఓర్వలేకపోయాను."

 ఆదిలక్ష్మి దానికి అన్న మాట మౌలాబీ చాలాకాలం మరవలేదు. "సందులో అందరికీ మంచీ సెడ్డా సెప్పే మనిషివి. నీ మాట మీద నా కూతురి సరదా కాదన్నాను. ఇంకమీద నీ ఏ మాట నమ్మమంటావు?" సంచీ లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. కూర్చోమనలేదు.

ఇంకో గడప మిగిలింది. మౌలాబీ రమీజా ఇంటి అరుగెక్కి, నిలబడే చెప్పింది. "అన్నది నేనే. నన్ను మాఫ్ సెయ్యి."

రమీజా చేతిలో పూసల గిన్నె అలాగే ఉండిపోయింది. "మీరా పిన్నీ?" అంది. "ఊళ్ళో ఎవరైనా అంటారనుకున్నాను గానీ, మొదటి రోజు అన్నం పెట్టిన సెయ్యి అనుకోలేదు." తలుపు దగ్గరికి వేసేసింది.

జాకెట్లు రమీజాకే వెళ్ళాయి. ఆ తరవాత లక్ష్మివారాలకి ఆమె రావడం మానేసింది. ఎందుకని ఎవరో అడిగితే మౌలాబీ దాచలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. కొందరు ఆడవాళ్ళు కూడా తగ్గారు. ముత్యాలు మాత్రం తన తిట్టు గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది, పని మానలేదు.

కడుపుమంట అంతటితో చల్లారిందా అంటే, లేదు. ఎదురింటి ముందు చెప్పులు ఇంకా పెరిగాయి, ఇంకా మండేది. ఎదుట లేని మనిషి మేలు కోరి దువా చేస్తే, నీకూ అంతే దక్కాలని దేవదూత అంటాడని ఆమే ఎందరికో చెప్పింది. ఇప్పుడు తన వంతు వచ్చింది. రోజూ నమాజయ్యాక చేతులు చాచి, "యా అల్లా, రమీజా పనిలో బర్కతు ఇయ్యి, వృద్ధి సెయ్యి" అనేది. మొదట్లో రమీజా పేరు దగ్గర నాలుక మొరాయించేది. దగ్గొచ్చేది. అయినా మొత్తం అనే లేచేది.

సాయిపద్మ పెళ్ళికి పిలుపు రాదనుకుంది. ఆదిలక్ష్మి దుకాణం మనిషి చేత శుభలేఖ పంపింది, తను రాలేదు. మౌలాబీ వెళ్ళింది. మండపంలో పెళ్ళికూతురు చెయ్యెత్తి తలంబ్రాలు పోస్తుంటే జాకెట్టు చేతుల మీద జరీ నెమళ్ళు తళుక్కుమన్నాయి. మౌలాబీ కళ్ళు ముందు చంక దగ్గరికే వెళ్ళాయి, ముడత కోసం. చిన్న ముడత ఉంది. దాన్ని చూసి లోపల ఒక సంతోషం లేచింది, అది చూసుకుని ఆమెకే సిగ్గేసింది.

పక్క కుర్చీలో పెళ్ళికొడుకు వైపు నుంచి వచ్చిన ఒడియా ఆవిడ ఆశ్చర్యంగా అడిగింది, "భారి సుందర! ఎవరు కుట్టారు?"

మౌలాబీ గొంతు సవరించుకుంది. "మా ఎదురింటమ్మాయి, రమీజా. ఈ ఊళ్ళో అలాంటి సెయ్యి ఇంకోటి లేదు," అంది. ఇంటి గుర్తులు కూడా చెప్పింది. ముడత సంగతి చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది.

ముందు వరసలో కూర్చున్న రమీజా ఆ మాటకి వెనక్కి తిరిగి చూసింది. నవ్వలేదు. ఒడిలోని పిల్లని సర్దుకుని మళ్ళీ మండపం వైపు తిరిగింది.

ఆ తరవాతి లక్ష్మివారం మాత్రం రమీజా వచ్చి చాప చివర కూర్చుంది. మౌలాబీ ఆమెని చూసి, జరిగి తన పక్కన చోటు చూపించింది. "ఈవేళ నువ్వు సెప్పమ్మా," అంది. రమీజా తటపటాయించి, మొదలెట్టింది. అదే తేనె గొంతు. ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకుని ముందుకి వంగారు. మౌలాబీ లోపల మళ్ళీ కొంచెం చురుక్కుమంది. ఆమె దాన్ని అలాగే ఉండనిచ్చి, మిగతావాళ్ళతో పాటు వింది.