దొరసాని సూది

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. కారణం ఓ కుట్టుమిషను. ఆమె దర్జీ, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కొత్త మిషను వచ్చాక మూలపడ్డ పాతదాన్ని ఆయన ఆమెతో మాట మాత్రమైనా అనకుండా తన చెల్లెలికి ఇచ్చేశాడు. "ఊరికే పడి ఉన్నదేగా," అన్నాడు పైగా. ఆ మిషను మీదే ఆమెకి చెయ్యి తిరిగింది. ఆ సంగతి ఇచ్చేటప్పుడు ఆయనకు తట్టలేదు. తట్టాక ఒప్పుకోవడానికి బెట్టు అడ్డొచ్చింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. మధ్యలో ఇరుక్కుపోయిన వాళ్ళని చిటికెలో బయటికి లాగుతాడు గానీ, తాను ఇరుక్కుంటే మాత్రం బెల్లం కొట్టిన రాయే.

అలాగని ఇంట్లో గొంతులు వినిపించకుండా పోలేదు. మధ్యలో పిల్లి ఉందిగా.

"దొరసానీ, కూర చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు," అని ఆమె వంటింట్లోంచి అనేది.

"తర్వాత తింటానని మీ అమ్మకి చెప్పవే," అని ఆయన హాల్లోంచి అనేవాడు.

దొరసాని ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. తోక సర్దుకుని పడుకునేది.

పాపం దానికి షుగరు. చిక్కి సగమైంది, ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. రెండు పూటలా తిండి పెట్టి, ఆ వెంటనే ఇన్సులిన్ సూది వెయ్యాలని పశువుల డాక్టరమ్మ చెప్పింది. అది ఇద్దరూ కలిసి చేసే పని. ఆయన తల పట్టుకుని బుజ్జగిస్తుంటే, ఆమె మెడ వెనక చర్మం పైకి లాగి గుచ్చేది. రోజంతా సూదితో పనిచేసే చెయ్యేమో, దొరసానికి గుచ్చినట్టే తెలిసేది కాదు. గుచ్చాక "అయింది" అనేది, అప్పుడు ఆయన తల వదిలేవాడు. మాటలు పోయాక ఆ "అయింది" కూడా పోయింది. సూది పని ఆమె ఒంటిచేత్తో కానిచ్చేస్తోంది.

ఆ సాయంత్రం ఆయన పెందలాడే ఇంటికొచ్చాడు. ఆమె లోపలి గదిలో తల వంచుకుని కాలర్లు కుడుతోంది. దొరసాని తన పరుపు మీద మునగదీసుకుని ఉంది. పక్కన గిన్నె నిండుగా ఉంది. అంటే తిననూ లేదు, సూదీ పడలేదు అనుకున్నాడు. నా మీద కోపంతో నోరులేనిదాన్ని కూడా గాలికొదిలేసింది, అని లోలోపల సణుక్కున్నాడు. అడగడానికి నోరు తెరిచాడు. సూది వేశావా అంటే సరిపోయేది. కానీ ముందు నేనెందుకు మాట్లాడాలి అనిపించింది. తెరిచిన నోరు మూసుకుని, ఫ్రిజ్‌లోంచి మందు తీశాడు. దొరసాని చేత రెండు మెతుకులు తినిపించి తానే గుచ్చేశాడు. ఆ తర్వాత మహానుభావుడు ఎంతో గొప్ప పని చేసినట్టు కాళ్ళు చాపుకుని కునుకు తీశాడు.

ఏదో గోడకి కొట్టుకుంటున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. దొరసాని నేల మీద పక్కకి పడి గిలగిలా కొట్టుకుంటోంది. కాళ్ళు బిగుసుకుపోతున్నాయి, మూతి చుట్టూ నురగ. ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. మిషను చప్పుడు ఆగింది. ఆమె గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

ఆయన డాక్టరమ్మకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"షుగరు బాగా పడిపోయినట్టుంది. పంచదార నీళ్ళు వేలితో చిగుళ్ళకి రాయండి. నోట్లో పొయ్యొద్దు, పొరబోతుంది. వెంటనే తీసుకొచ్చెయ్యండి," అంది డాక్టరమ్మ. "ఇంతకీ సాయంత్రం సూది ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు ఆయన.

"నేనే," అంది ఆమె.

ఆయన భార్య మొహంలోకి చూశాడు. మాటలు మానేశాక ఆ మొహాన్ని సరిగ్గా చూడటం అదే మొదలు. అందులో కోపం లేదు. కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"కొంచెమే తింది. మళ్ళీ తింటుందేమోనని గిన్నె నింపి పెట్టాను," అంది ఆమె, ఎవరితోనో అన్నట్టు.

స్కూటరు వెనక దొరసానిని తువ్వాల్లో చుట్టి గుండెకి హత్తుకుని కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాటే అంది.

"ఒక్కసారి అడగలేకపోయారా?"

నువ్వయినా చెప్పలేకపోయావా, అన్నమాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

డాక్టరమ్మ ముందుకాలి మీద బొచ్చు గొరిగి గ్లూకోజు ఎక్కించింది. వీళ్ళిద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు.

"మిషను నిన్ను అడక్కుండా ఇవ్వడం నాదే తప్పు," అన్నాడు ఆయన.

"ఇప్పుడెందుకండీ అది," అంది ఆమె.

ఆయనకి ఏడుపొచ్చింది. అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.

మర్నాడు దొరసానిని ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ, "ప్రాణం నిలిచింది, అదే గొప్ప. షుగరు పడిపోవడం మెదడుని ఎంత దెబ్బతీసిందో ఇప్పుడే చెప్పలేం. కనిపెట్టి ఉండండి," అంది.

హాల్లో దించారు. దొరసాని తనంతట తాను లేచి నిలబడింది. ఆయనకి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. అది మెల్లగా నడిచి, తిన్నగా వెళ్ళి కుర్చీ కాలికి మొహం కొట్టుకుంది. వెనక్కి తగ్గి, మళ్ళీ అక్కడే కొట్టుకుంది. ఆయన దాని కళ్ళ ముందు చెయ్యి ఆడించాడు. నల్లగా విప్పారిన ఆ కళ్ళు రెప్ప వెయ్యలేదు.

"దీనికి చూపు లేదే," అన్నాడు.

ఆమె గోడవారగా నేల మీద కూలబడిపోయింది. "దొరసానీ, ఇటు రావే," అంది. చెవులు అటు తిరిగాయి. ఒకడుగు పడింది.

ఆయన ఉండబట్టలేక ఎదుటి గోడ దగ్గర కూర్చుని, "ఇటు రా తల్లీ, నాన్న దగ్గరికి," అన్నాడు. అది ఆగిపోయింది.

అటునుంచి ఆమె పిలిచింది. ఇటునుంచి ఆయన పిలిచాడు. దొరసాని తల అటూ ఇటూ తిప్పింది. ఎటు వెళ్ళాలో తెలియక నేలకి అతుక్కుపోయి, వణుకుతూ అరిచింది.

ఆయన నోరు మూసుకున్నాడు. చప్పుడు కాకుండా లేచి, గది దాటి వెళ్ళి, భార్య పక్కన భుజం తగిలేలా కూర్చున్నాడు.

"ఇప్పుడు పిలవండి," అంది ఆమె.

ఇద్దరూ కలిసి పిలిచారు. దొరసాని లేచి అటు నడిచింది.