ఏ భాష మానెయ్యాలి

మా ఇంట్లో ముద్దాయి ఎవరో మా అమ్మకూ, మా అత్తగారికీ ఎప్పుడో తెలిసిపోయింది. మా అబ్బాయి విల్యోకి ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాలేదు. దానికి నా స్వీడిషే కారణమని అత్తగారు రైయా తేల్చేసింది. కాదు, మా ఆయన యార్కో మాట్లాడే ఫిన్నిష్ అని మా అమ్మ తేల్చేసింది. అంత చిన్న బుర్రలో రెండు భాషలు కుక్కితే పిల్లాడు ఏం మాట్లాడతాడని అత్తగారు, ఆ బండ మాటలకి పసినోరు ఎలా తిరుగుతుందని అమ్మ. ఫిన్లాండ్‌లో మా వాసా తీరంలో ఈ రెండు భాషల తగువు మా పుట్టుకకంటే పాతది. బడి దగ్గరా, కొట్టు దగ్గరా, ఓట్ల దగ్గరా ఇదే గోల. అది ఉయ్యాల దాకా వచ్చినా ఎవరికీ వింతగా అనిపించలేదు.

మేమిద్దరమూ తక్కువేం తినలేదు. ఎవరి భాషలో వాళ్లు పిల్లాడితో మాట్లాడాలని వాడు పుట్టకముందే ఒప్పందం చేసుకున్నాం. వాడు మాటలన్నీ వాళ్ల నాన్న కోసం దాచుకుంటున్నాడని నేను అనుకునేదాన్ని. నా కోసం దాచుకుంటున్నాడని యార్కో అనుకునేవాడు. సాయంత్రం ఇంట్లో కలుసుకోగానే, నీ భాషలో ఏమైనా అన్నాడా అని ఒకరినొకరం అడిగేవాళ్లం.

వసంతంలో నేనే లొంగిపోయాను. నా కొడుకుతో నా భాష మానేశాను. పెద్దవాళ్లతో బ్యాంకు పని చక్కబెట్టుకోవడానికి పనికొచ్చే ఫిన్నిష్, బిడ్డని ముద్దు చేయబోతే నోట్లో రాయిలా అడ్డుపడేది. ఒళ్లో పెట్టుకుని ఏమని పిలవాలో తెలియక చాలాసార్లు ఊరుకునేదాన్ని. మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వాడు మాత్రం ఎప్పటిలాగే తన బొమ్మ బండిని తిరగేసి దాని చక్రం తిప్పుకుంటూ ఉండేవాడు.

ఆగస్టులో ఏటా చేసే రొయ్యల విందుకి అమ్మ అత్తగారితో సహా మమ్మల్ని మళ్లీ పిలిచింది, తన దీవి మీది ఇంటికి. అందరం ఆ విందు ఆనవాయితీ ప్రకారం తలకి కాగితం టోపీలు పెట్టుకుని, సోయికూరతో ఉడికిన రొయ్యలు వలుచుకుంటున్నాం. విల్యో మెట్ల కింద తన బండి చక్రంతో ఉన్నాడు. అమ్మ ఒక పక్క నుంచి స్వీడిష్‌లో, అత్తగారు ఇంకో పక్క నుంచి ఫిన్నిష్‌లో వాణ్ణి పిలవడం మొదలుపెట్టారు. ఎవరి దగ్గరికి వస్తే వాళ్లు గెలిచినట్టు. వాడు ఎవరి దగ్గరికీ రాలేదు. ఇద్దరూ ఒకరినొకరు గుర్రుగా చూసుకున్నారు.

అప్పుడే తీర రక్షణ హెలికాప్టర్ ఒకటి మా నెత్తిమీదుగా వెళ్లింది. మా చెల్లెలి కూతురు సాగాకి ఇంకా సరిగ్గా నడక కూడా రాలేదు. తల్లి ఒళ్లోంచి ఆకాశంలోకి వేలెత్తింది. వేలు అలాగే ఉంచి తల్లి మొహంలోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. చూశానమ్మా, నేనూ చూశాను అని నేను ఒప్పుకునేదాకా ఆ వేలు దించలేదు. విల్యో కూడా తలెత్తాడు. చెవులు మూసుకుని, హెలికాప్టర్ కనబడినంతసేపూ దాన్నే చూశాడు. మాలో ఒక్కరి వైపూ చూడలేదు. మళ్లీ చక్రం తిప్పుకున్నాడు.

నా చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. వాడికి చెవుడు లేదు. వాడు నాకు ఇన్నాళ్లలో ఒక్క పిట్టను, ఒక్క కుక్కను చూపించలేదు. మాట రాకపోతే భాషని తిట్టుకుంటాం, వేలెత్తి చూపించడానికి ఏ భాష కావాలి?

యార్కో రేవు మీద కూర్చుని గిన్నె తోముతున్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"వాడు నీకెప్పుడైనా దేన్నైనా వేలెత్తి చూపించాడా?"

"ఇప్పుడొద్దు. అమ్మలిద్దరూ వింటారు."

"చూపించాడా, లేదా?"

అతను గిన్నె వదల్లేదు. "లేదు. చలికాలం నుంచీ గమనిస్తూనే ఉన్నాను. పిలిస్తే తిరగడు కూడా. మా ఆఫీసులో ఒకాయన కొడుకు ఇలాగే ఉండేవాడు. ఆటిజం అన్నారు."

"తెలిసీ నా నోరు కట్టేయించావా?"

"భాషైతే మానేస్తే సరిపోతుంది కదా," అన్నాడు. "అదే అయితే బాగుండునని ఆశపడ్డాను."

అతన్ని నీళ్లలోకి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది. పిల్లాడి రెండేళ్ల ఆరోగ్య పరీక్ష దగ్గరపడింది కదా, అక్కడ నర్సే చెప్పనీ, ఆవిడ ఏమీ అనకపోతే ఇంకొన్నాళ్లు చూద్దాం అన్నాడు. నేను సరే అనలేదు. అక్కడ నిజం చెబుతానని అతను మాటా ఇవ్వలేదు.

పరీక్ష రోజు అత్తగారు కూడా వెంట వచ్చి బయట వరండాలో కూర్చుంది. నర్సు మంచి మనిషి. బరువు చూసింది, ఎత్తు చూసింది, మా ఇంట్లో రెండు భాషలని వినగానే హాయిగా నవ్వేసింది. మగపిల్లలు, పైగా రెండు భాషలు, ఆలస్యం మామూలే, ఆరు నెలలు ఆగి చూద్దాం అంది. యార్కో అప్పటికే పిల్లాడికి కోటు తొడిగి జిప్పు లాగేశాడు. లేవమని కళ్లతోనే నన్ను బతిమాలాడు. ఆ ఆరు నెలలు నాకూ తియ్యగానే వినిపించాయి. నిజం చెప్పకుండా లేచిపోతే ఇంకో ఆరు నెలలు మేము మామూలు అమ్మా నాన్నలం. వాడికి మాత్రం ఆ ఆరు నెలలు పోతాయి.

"నేను లేవను," అన్నాను. "భాష సంగతి పక్కన పెట్టండి. వాణ్ణి మీకిష్టమైన భాషలో పిలవండి."

నర్సు రెండు భాషల్లోనూ పిలిచింది. వాడు తిరగలేదు. సబ్బు బుడగలు ఊదింది. వాడు కిలకిలా నవ్వాడు, నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ సీసా మూత బిగించి కావాలని ఆగింది. వాడు ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, అదేదో పనిముట్టు అయినట్టు, తీసుకెళ్లి మూత మీద పెట్టాడు. నర్సు మొహంలో నవ్వు పోయింది.

ఇది ఎప్పటి నుంచని ఆవిడ అడిగింది. నేను యార్కో వైపే చూస్తూ కూర్చున్నాను. నిజం అతనే చెప్పకపోతే ఆ పూట నేను అతనితో కలిసి ఇంటికి వెళ్లేదాన్ని కాదు.

అతను వంగి పిల్లాడి కోటు జిప్పు కిందికి లాగాడు.

"చలికాలం నుంచి," అన్నాడు. "వేలెత్తి చూపించడు, పిలిస్తే పలకడు. మా ఆవిడ తప్పేం లేదు. నేనే చెప్పలేదు."

చాలాసేపు కూర్చున్నాం. ఆటిజం కావచ్చు, కాకపోవచ్చు, పెద్దాసుపత్రిలో చూడాలి, ఈలోపే ఇంట్లో మొదలుపెట్టాల్సినవి ఉన్నాయి అంటూ నర్సు అన్నీ విడమరచి చెప్పింది. ఏ భాషా మానక్కర్లేదని కూడా చెప్పింది.

బయటికి రాగానే అత్తగారు ఆత్రంగా లేచింది.

"ఏమన్నారు? ఏ భాష మానెయ్యమన్నారు?"

"ఏదీ కాదమ్మా," అన్నాడు యార్కో. ఆటిజం అన్న మాట తనే పలికాడు. వాళ్లమ్మ ఎదుట అంత సూటిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయింది.

నేను విల్యో ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. వసంతం తర్వాత మొదటిసారి వాడితో నా భాషలో మాట్లాడాను. రా నాన్నా, ఇంటికి పోదాం అన్నాను. వాడు తిరగలేదు. ఈసారి ఎవరూ నా భాషని తప్పు పట్టలేదు.