నెత్తిమీద నిప్పులు

బూడిద.

బూడిద కింద నిప్పు.

తెలతెలవారుతుండగా ఎలీసమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. వంగింది. ఊదింది. బూడిద పక్కకి తప్పుకుంది. లోపల ఒక ఎర్ర కన్ను తెరుచుకుంది.

"ఉన్నావా?" అంది.

ఉంది.

ఆ పొయ్యి పదకొండేళ్ళుగా ఆరలేదని పేటలో చెప్పుకుంటారు. తుఫానుకి కప్పులన్నీ ఎగిరిపోయిన ఏడు, నిప్పును కుండలో పెట్టి, కుండను కడుపుకి హత్తుకుని, నడుంలోతు నీళ్ళలో చర్చి అరుగు దాకా నడిచిందట. ఆమె నడిచిన మేర నీళ్ళు గోరువెచ్చన. చలికి వణుకుతున్న చేపలు వెనకాలే వరస కట్టాయట. పేట పేటంతా ఆమె పొయ్యిలోంచే నిప్పు పట్టుకెళ్ళడంతో అగ్గిపెట్టెలు చెల్లక, కొట్టువాడు చుట్టల వ్యాపారంలోకి దిగాడట.

అందులో ఎంత నిజమో ఆ చేపలకి తెలియాలి.

నిప్పు మాత్రం నిజం.

ఆ నిప్పు ఎవరి కోసమో — అదీ నిజం.

సీమోను ఆమె మొగుడు. తాటిచెట్టంత మనిషి. అతను నవ్వితే రైలుకూత అనుకుని చీపురుపల్లి స్టేషనులో గార్డు జెండా ఊపేసేవాడని పేరు. అంత మనిషి మూడు రోజుల జ్వరానికి పోయాడు. పేట వెనక సమాధుల దొడ్డిలో పెట్టారు. అరెకరం నేల. ఊరి ఆసామి జగన్నాధం తండ్రి ఒకప్పుడు నోటిమాట మీద కిరస్తానీలకి వదిలిన నేల.

ఎలీసమ్మ కాళ్ళ కడియాలు తీసిచ్చి రాయి చెక్కించింది. రాయి మీద సిలువ. సిలువ కింద మూడక్షరాలు.

సీ. మో. ను.

చదువు రాని ఎలీసమ్మకి ఆ మూడే వచ్చు. కంటితో కాదు, వేలితో.

తండ్రి పోయాడు. జగన్నాధం చేతికి భూమి వచ్చింది. తొలకరి పడింది. జగన్నాధం ఆ దొడ్డిలోకి నాగలి దింపాడు.

పేటవాళ్ళు పరుగెత్తారు. "మీ నాయన ఇచ్చిన మాట బాబూ" అన్నారు.

"కాగితం ఏదీ?" అన్నాడు జగన్నాధం.

అంతే. రెండు మాటలు. ఆ రెండు మాటలతో అరెకరం దున్నేశాడు. రాళ్ళు పెరికించాడు. గోగు చల్లాడు.

సీమోను మీద గోగు మొలిచింది.

తలెత్తు పెరిగింది. పూసింది. పసుపు పువ్వు. పువ్వు నడుమ ముదురెరుపు మచ్చ... ఎవరో లోపల నిప్పు దాచుకున్నట్టు.

దున్నిన నాడే ఎలీసమ్మ కొడవలి తీసింది. గుమ్మంలో జీవరత్నం అయ్యగారు అడ్డం పడ్డాడు. ఆదివారం పాస్టరు, మిగతా వారమంతా బడిపంతులు, చలికాలమంతా ఉబ్బసం. గాలి వేస్తే ఒరిగిపోయే మనిషి. అయినా గుమ్మం వదల్లేదు.

"ఎక్కడికే అమ్మీ?"

"ఆడి పీక కొయ్యడానికి. తప్పుకోండి అయ్యగారూ."

"పగ నీది కాదే. దేవుడు తీరుస్తానన్నాడు, బైబిల్లో ఉన్నాది. ఆడికి ఆకలేస్తే కూడెట్టు. దాహమేస్తే నీళ్ళియ్యి. అలాగ సేసేవనుకో... ఆడి నెత్తిమీద నిప్పులు కుప్పపోసినట్టే."

కొడవలి ఆగింది.

"నిప్పులా?"

"నిప్పులే."

"ఏటి నిప్పులు?"

జీవరత్నానికి దగ్గొచ్చింది. దగ్గుతూ కొడవలి వైపు చూశాడు. అది ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"సింత నిప్పులు" అన్నాడు.

"నెత్తిమీదేనా?"

"నడినెత్తిన."

"ఎప్పుడు?"

"అది ఆయన ఇష్టమే అమ్మీ. నువ్వు పెడతా ఉండు."

ఎలీసమ్మ కొడవలి చూరులో దోపింది.

గోగుపుల్లకి మంట ఎక్కువ, నిప్పు తక్కువ. భగ్గుమంటుంది, బూడిదవుతుంది. చింతమొద్దు వేరు. మెల్లగా అంటుకుంటుంది. తెల్లవార్లూ బూడిద కింద పడుకుంటుంది. పిలిస్తే పలుకుతుంది.

ఎలీసమ్మ చింతమొద్దు అయింది.

పెట్టింది.

వండింది జగన్నాధం ముట్టడు. ఆమె చేతి నీళ్ళు కూడా ముట్టడు. పచ్చిదైతే పుచ్చుకుంటాడు. అందుకని పచ్చిదే పెట్టింది. ఎండల్లో ముంజెలు. చలికాలం తేగలు. కప్పు మీద కాసిన గుమ్మడికాయ. తన కడుపు మాడ్చుకుని వాడి కడుపు నింపింది. వీధి అరుగు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, నిలబడేది. చేతులు కట్టుకుని. కళ్ళు పైకెత్తి.

వాడి నెత్తి కేసి చూస్తూ.

తిను బాబూ. తిను. కడుపారా తిను.

"ఒసే ఎలీసీ, నా నెత్తి మీద ఏటున్నాదే అలాగ సూస్తావు?" అనేవాడు ముంజె చప్పరిస్తూ.

"ఇంకా ఏటీ నేదు బాబూ" అనేది.

ఇంకా — ఆ మాట బరువు వాడికి తెలియదు.

పైగా పదిమందిలో నవ్వేవాడు. "కిరస్తానపోళ్ళకి కోపం ఉండదురా. మొగుడి మీద నాగలి నడిపినా గుమ్మడికాయ తెచ్చిస్తారు."

అది ఆమె చెవిన పడింది. మర్నాడు రెండు గుమ్మడికాయలు తెచ్చిచ్చింది.

గోగు కోతకొచ్చేది. కూలికి ఎలీసమ్మే వెళ్ళేది. కోసిన గోగును కట్టలు కట్టి జగన్నాధం చెరువులో ముంచుతారు. తేలకుండా మీద రాళ్ళు పెడతారు. కుళ్ళనిస్తారు. ఆ కంపు ఊరవతలికి కొడుతుంది. కుళ్ళాక ఆడవాళ్ళు మొలలోతు నీళ్ళలో దిగి నార వలుస్తారు. ఎలీసమ్మ వలిచేది. తెల్లటి నార, మెరుపు నార, బారెడు నార. సీమోను మీద మొలిచిన నార. చేతికి చుట్టుకునేది. వదలనట్టు చుట్టుకునేది.

రెండో ఏడు, ఆ నీళ్ళలో కాలికి ఒక రాయి తగిలింది.

గోగుకట్ట మీద పెట్టిన బరువు రాయి.

అరికాలు దాని మీద నిలబడింది. అరికాలికి ఒక గీత తగిలింది. అడ్డంగా ఇంకో గీత.

సిలువ.

బొటనవేలు కిందికి జరిగింది.

సీ...

మో...

ఎలీసమ్మ కదల్లేదు. పక్కనున్న మరిడమ్మ "ఏటే, జెలగ పట్టిందా?" అంది. "ఆ" అంది ఎలీసమ్మ. "పట్టింది."

తియ్యొచ్చు. ఆ సాయంత్రమే తట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. తియ్యలేదు. నిప్పులు పడిన నాడు తీస్తాను అనుకుంది. వాడి నెత్తిన నిప్పులు కూలిన నాడు, వాడు చూస్తుండగా తీస్తాను. అంతవరకూ ఉండు మావా. కుళ్ళు నీళ్ళలో ఉండు. నేనూ ఇక్కడే ఉన్నాను, మొలలోతున.

ఏడాది. మరో ఏడాది.

చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని వానలు అడిగేవారు, పిల్లల్ని అడిగేవారు, పరలోకం అడిగేవారు. ఎలీసమ్మ కళ్ళు తెరిచి అడిగేది. నువ్వు అన్నావు. నేను పెడుతున్నాను. మరి నీ వంతు?

ఒక మాఘమాసం పొద్దున్న, జగన్నాధం వేడినీళ్ళు పోసుకుని నూతిగట్టు మీద నిలబడ్డాడు. మంచు. చలి. వాడి నెత్తి మీంచి తెల్లగా ఆవిరి లేచింది.

పొగ!

ఎలీసమ్మ వీధి నడుమ మోకాళ్ళ మీద పడింది. లేచి పరుగెత్తింది. "అయ్యగారూ! అంటుకున్నాది! పొగొస్తన్నాది!"

జీవరత్నం బయటికొచ్చి చూశాడు. జగన్నాధం తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. అది ఆవిరని ఆమెకి చెప్పాలి. ఎలా చెప్పగలడు? ఆ నిప్పు రాజేసింది తనే.

తర్వాత వాడి జుట్టు నెరిసింది. బూడిద, అనుకుంది. నడినెత్తిన బట్టతల వచ్చింది. కాలింది, అనుకుంది. కానీ వాడు అరవలేదు. మంట లేని కాలడం ఏం కాలడం?

జీవరత్నం పోయే ముందు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మీ... ఆ సింత నిప్పుల మాట..." అన్నాడు. ఊపిరి అందలేదు.

"వస్తాయి అయ్యగారూ" అంది ఎలీసమ్మ. "మీరు దిగులెట్టుకోకండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒక నిజం చెప్పకుండానే.

ఆ నిజం విజయనగరం నుంచి వచ్చిన, ఊరూరా వాక్యం చెప్పే బైబిలు స్త్రీ చెప్పింది. జ్ఞానసుందరి. తెల్లచీర, కళ్ళజోడు, మెత్తటి గొంతు. "నిప్పులంటే నిప్పులు కావమ్మా. సిగ్గు. మంచి చేస్తే శత్రువు సిగ్గుపడి మారతాడని."



"సిగ్గా?"

"అవునమ్మా."

"సిగ్గుకి నెత్తెందుకు అమ్మగోరూ? మొహం సాలదా?"

జ్ఞానసుందరి కళ్ళజోడు తుడుచుకుంది.

"సిగ్గు కోసమా నాను కడుపు మాడ్సుకుని ముంజెలు మోసినాను? దేవుడు నిప్పులన్నాడు. ఆయన అన్నమాట మీరు మార్సకండి. మాట మార్సీవోళ్ళు మా ఊర్ల ఉన్నారు. ఒక్కడు సాలు."

ఆ రోజు ఇంటికొచ్చి పొయ్యిలో రెండు చింతమొద్దులు ఎక్కువ పెట్టింది.

అరవై ఎనిమిదో సంవత్సరంలో ఎండలు.

కాకులు రెక్కలు విప్పి తమ నీడలో తామే నిలబడ్డ ఎండలు. చెరువు ఎండిపోయింది. గోగు కుళ్ళిన చోట నల్లమట్టి నెర్రెలు విచ్చింది. జగన్నాధం ఆ మట్టి తవ్వించి పొలాలకి తోలిస్తున్నాడు. ఎలీసమ్మ తట్ట మోస్తోంది.

నడిపొద్దయింది. కూలీలంతా గట్టు అవతల తాటిచెట్ల నీడకి వెళ్ళారు. ఎలీసమ్మ పొద్దున్నే ముంతను గట్టు ఇవతల తడిగుడ్డ కప్పి దాచుకుంది. మజ్జిగ కలిపిన చోడి అంబలి. దానికోసం వెనక్కి వచ్చింది.

చెరువు నడుమ ఎవరో పడి ఉన్నారు.

తలపాగా దూరంగా పడింది. జోడు ఒకటే ఉంది కాలికి.

జగన్నాధం.

వడదెబ్బ.

ముంత తీసుకుని దగ్గరికి వెళ్ళింది. తొందర లేకుండా వెళ్ళింది. చూసింది — వాడి నెత్తి కేసి, ఎప్పటిలాగే.

ఆగిపోయింది.

వాడి నెత్తి ఒక రాయి మీద ఉంది. నీళ్ళు పోయాక బయటపడ్డ రాయి. పొద్దుటి నుంచీ ఎండకి కాగుతున్న రాయి.

సిలువ గీతలు వాడి చెవి పక్కన.

"ఎవులది..." అన్నాడు జగన్నాధం. కళ్ళు తెరవలేదు. "నెత్తి... నెత్తి మండిపోతన్నాదే... ఎవులో నిప్పులు కుప్పపోసినట్టున్నాదే..."

ఎలీసమ్మ విన్నది.

పదకొండేళ్ళు ఈ మాట కోసం. ఈ ఒక్క మాట కోసం. అదీ వాడి నోటితో.

తల ఎత్తింది. ఆకాశంలో మబ్బు లేదు, దూత లేడు, బూర లేదు. ఒక్క సూర్యుడు. ఊదీ ఊదీ తెల్లగా చేసిన నిప్పు.

ఉన్నావా?

ఉన్నాడు.

నవ్వొచ్చింది. సీమోను నవ్వినట్టు నవ్వింది. తాటిచెట్ల కింద కూలీలకి అది ఉరుములా వినిపించిందని తర్వాత ఎవరో అన్నారు.

ఇక ఏమీ చెయ్యక్కర్లేదు. కొడవలి అక్కర్లేదు. వెనక్కి తిరిగి నడిచిపోతే చాలు. దేవుడి పొయ్యి దేవుడు చూసుకుంటాడు. వెనక్కి తిరిగింది.

"దాహం..." అన్నాడు జగన్నాధం.

ఎలీసమ్మ అడుగు ఆగింది.

దాహమేస్తే.

గుమ్మంలో ఉబ్బసపు మనిషి. అడ్డంగా. ఇప్పటికీ.

పళ్ళు బిగించింది. తిరిగి వచ్చింది. గుడ్డ తీసి ముంత వంచింది. "వండిందే బాబూ ఇది" అంది. "నా సేతి అంబలి. ముడతావా?"

జగన్నాధం రెండు చేతులూ దోసిలి పట్టాడు.

తాగాడు. ఆమె గంజిని, ఆమె మజ్జిగని, ఆమె ఉప్పుని తాగాడు. గడ్డం నిండా తాగాడు. పిల్లాడిలా గుటకలు వేశాడు.

"నెత్తి మీద..." అన్నాడు. "ఆ మిగిలింది... నెత్తి మీద పొయ్యే... తల్లీ, పొయ్యే."

తల్లీ.

ఎలీసమ్మ ముంత వెనక్కి తీసుకుంది.

"తాగడానికి ఇమ్మన్నాడు మా దేవుడు" అంది. "ఇచ్చినాను. నెత్తి మాట ఆయన సెప్పలేదు."

పక్కన కూర్చుంది. కాలుతున్న మట్టి మీద కూర్చుంది. వాడి చెయ్యి పట్టుకుంది. మొదటిసారి ఆ చెయ్యి ముట్టుకుంది. వాడి చూపుడువేలు విడదీసి, రాతి మీద, గీతలో పెట్టింది.

"కాగితం ఏదీ అన్నావు. ఇదిగో కాగితం. సదువు."

"మండతన్నాదే..."

"సదువు బాబూ. నీకు సదువొచ్చు కదా."

వేలు గీత వెంట కదిలింది. మండే గీత వెంట.

"సీ..." అన్నాడు.

"ఊఁ."

గాలి లేదు. గట్టు మీద ఎండిన గోగుపుల్లలు చిటచిటమన్నాయి. జగన్నాధం కళ్ళు తెరిచాడు. రాయిని చూశాడు. ఆమెను చూశాడు. వాడి మొహంలోకి ఏదో వచ్చింది, ఎర్రగా. ఎండో... జ్ఞానసుందరి చెప్పినదో. ఎలీసమ్మ పోల్చుకోలేదు. పోల్చుకోవాలనుకోలేదు.

"సీ... మో..."

ఊపిరి ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది.

ఎలీసమ్మ చేతిలో ముంత. ముంతలో సగం అంబలి. వాడి నెత్తికి జానెడు ఎత్తున.

పదకొండేళ్ళు కాచుకున్న మనిషికి ఇంకొక్క అక్షరం ఎంత?

ముంత వంగింది. అంచున ఒక చుక్క నిలిచింది. పడలేదు.

ఎలీసమ్మ ఆ నెత్తి మీదికి వంగింది. బట్టతల చుట్టూ తెల్లటి జుట్టు. బూడిద రంగు జుట్టు. ఆమె ఊపిరికి అది మెల్లగా పక్కకి తప్పుకుంది.

"ఉన్నావా?" అంది.

బూడిద.

బూడిద కింద...